క్వార్టర్‌బ్యాక్ జీతం ఎవరి వాటాలోంచి?

1955లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు జానీ యునైటస్ అనే క్వార్టర్‌బ్యాక్ కుర్రవాణ్ణి సీజన్ మొదలుకాక ముందే వద్దని పంపేసింది. అతను కట్టడాల పనికి పోతూ, బ్లూమ్‌ఫీల్డ్ రామ్స్ అనే ఊరి జట్టులో ఆటకు 6 డాలర్ల చొప్పున ఆడాడు. మరుసటి ఏడు బాల్టిమోర్ కోల్ట్స్ వాళ్లు పిలిచారు. 1958 డిసెంబర్ 28న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో, అదనపు సమయం దాకా సాగిన ఛాంపియన్‌షిప్ పోటీలో ఆ కుర్రవాడే జెయింట్స్ మీద 23-17తో కోల్ట్స్‌ను గెలిపించాడు. కోట్లమంది టీవీలో చూసిన ఆ ఆట అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఇంటింటి వినోదంగా మార్చింది, క్వార్టర్‌బ్యాక్‌ను దానికి నాయకుణ్ణి చేసింది. ఈరోజు ఆ స్థానంలో ఆడేవాడి గరిష్ఠ జీతం ఏడాదికి 6 కోట్ల డాలర్లు. అతని ఆట అంత విలువ చేస్తుందా అన్న ప్రశ్న ఏటా కొత్త ఒప్పందం వచ్చినప్పుడల్లా లేస్తూనే ఉంది.

మన పాఠకులకు ఒక్క మాట చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడికి దిగిన జట్టు ప్రతి ఎత్తులోనూ బంతి దాదాపు ఎప్పుడూ ముందుగా క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. ఎదుటి జట్టు ఎలా మోహరించిందో చూసి, తనను పడగొట్టడానికి దూసుకొచ్చేవాళ్లను తప్పించుకుంటూ, రెండు మూడు సెకన్లలో బంతిని ఎవరికి విసరాలో, ఎవరి చేతికివ్వాలో తేల్చుకోవాలి. ఈ అధికారం అతనికి మొదటినుంచీ లేదు. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చిందే 1906లో. ఆ తర్వాత కూడా చాలాకాలం అది ప్రధానంగా పరుగుల ఆటగానే సాగింది.

క్వార్టర్‌బ్యాక్ జీతం దేశమంతా మాట్లాడుకునే విషయమైంది 1965 జనవరిలో. అప్పటికి రెండు లీగ్‌లు పోటీపడుతున్నాయి: పాతది ఎన్‌ఎఫ్‌ఎల్, కొత్తది ఏఎఫ్‌ఎల్. అలబామా యూనివర్సిటీ నుంచి వచ్చిన జో నమాత్ కోసం రెండు వైపులా బేరం నడిచింది. కొత్త లీగ్‌లోని న్యూయార్క్ జెట్స్ అతనికి మూడేళ్లకు 4 లక్షల 27 వేల డాలర్లు ఇచ్చింది. ఆ రోజుల్లో అది కనీవినీ ఎరుగని సొమ్ము. నమాత్ గణాంకాలు మాత్రమే చూస్తే ఆ డబ్బుకు న్యాయం చేశాడని చెప్పడం కష్టం. కెరీర్ మొత్తంలో 173 టచ్‌డౌన్ పాస్‌లు (నేరుగా స్కోరు తెచ్చేవి) విసిరితే, ప్రత్యర్థుల చేతికి చిక్కినవి 220. 1969 జనవరిలో బాల్టిమోర్‌ను 16-7తో ఓడించి ఛాంపియన్‌షిప్ పోటీ అయిన సూపర్ బౌల్ గెలిచిన రోజు కూడా అతను ఒక్క టచ్‌డౌన్ పాస్ విసరలేదు. అయినా జెట్స్ యజమాని సోనీ వెర్బ్లిన్ మోసపోలేదు. అతను వినోద వ్యాపారం నుంచి వచ్చినవాడు, తారను కొంటున్నానని తెలిసే కొన్నాడు. టీవీ సంస్థ ఎన్‌బీసీ 1965 నుంచే ఐదేళ్లకు 3 కోట్ల 60 లక్షల డాలర్లతో ఏఎఫ్‌ఎల్ ఆటలను ప్రసారం చేయడం మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో ఒక తార ఉండటం జట్టుకే కాదు, లీగ్ మొత్తానికీ అవసరమైంది.

ఇంకో ముఖ్యమైన సంగతి: నమాత్‌కు ఇచ్చిన ప్రతి డాలరూ యజమాని జేబులోంచే వెళ్లింది. దానివల్ల పక్క ఆటగాడి జీతం తగ్గాలన్న నియమమేదీ లేదు. కనుక అప్పట్లో క్వార్టర్‌బ్యాక్ జీతం యజమాని లాభనష్టాల లెక్క మాత్రమే. జట్టు బలాబలాలకూ దానికీ నేరుగా ముడి లేదు.

ఇలాంటి వేలం పాటలకు భయపడే రెండు లీగ్‌ల యజమానులూ 1966లో విలీనానికి ఒప్పుకున్నారు. పోటీ పోయింది, ఆటగాడికి బేరమాడే దారీ మూసుకుపోయింది. డెబ్బైలూ ఎనభైలూ కోర్టు కేసులతోనూ, 1982, 1987 సమ్మెలతోనూ గడిచాయి. ఈలోగా ఆటే మారింది. 1978లో వచ్చిన నియమాలు ఐదు గజాలు దాటాక పాస్ అందుకోబోయేవాణ్ణి తోయకూడదన్నాయి, క్వార్టర్‌బ్యాక్‌కు కాపలాగా నిలబడే లైన్‌మెన్ చేతులు చాచి అడ్డుకోవచ్చన్నాయి. ఆరేళ్లు తిరిగేసరికి మయామీ ఆటగాడు డాన్ మరీనో ఒకే సీజన్‌లో 5,084 గజాలు, 48 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. విసిరే చేతి విలువను పెంచింది ముందుగా నియమాలే. జీతాలు తర్వాత వచ్చాయి.

అసలు మలుపు 1993-94లో వచ్చింది. దీర్ఘ న్యాయపోరాటం తర్వాత ఆటగాళ్లకు జట్టు మారే స్వేచ్ఛ దక్కింది. దానికి బదులుగా యజమానులు సాలరీ క్యాప్ తెచ్చుకున్నారు. ఏ జట్టయినా ఆటగాళ్లందరి మీద కలిపి ఇంతకు మించి ఖర్చు చేయకూడదన్నది నియమం. ఐపీఎల్ చూసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. 2025 సీజన్‌కు హైదరాబాద్ సన్‌రైజర్స్ క్లాసెన్‌ను 23 కోట్ల రూపాయలకు అట్టిపెట్టుకున్నప్పుడు, మిగతా జట్టంతటికీ 120 కోట్లలో 97 కోట్లే మిగిలాయి. ఎన్‌ఎఫ్‌ఎల్ తొలి క్యాప్ 1994లో 3 కోట్ల 46 లక్షల డాలర్లు, 2024కు అది 25 కోట్ల 54 లక్షలు. ఈ సొమ్ములో 53 మంది సర్దుకోవాలి. ఆ రోజు నుంచి క్వార్టర్‌బ్యాక్ జీతం తోటి ఆటగాళ్ల వాటాలోంచి వచ్చే సొమ్మయింది. అతని ఆట అతని జీతానికి తగునా అన్న ప్రశ్నకు నిజమైన అర్థం వచ్చింది కూడా అప్పుడే.

ఆ స్థానం విలువైనదని నిరూపించే ఉదాహరణలకు కొదవలేదు. ఇండియానాపొలిస్ కోల్ట్స్ 2010లో 10 గెలిచి 6 ఓడింది. 2011లో మెడ శస్త్రచికిత్సల వల్ల పేటన్ మానింగ్ ఏడాదంతా ఆడలేదు. జట్టు 2 గెలిచి 14 ఓడింది. ఒక్క మనిషి లేకపోతే ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపించడం కష్టం. కానీ 2008లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ తారగా ఉన్న టామ్ బ్రేడీ మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని సీజన్‌కు దూరమైతే, అతని బదులు వచ్చిన మాట్ కాసెల్ 11 ఆటలు గెలిపించాడు. చుట్టూ ఉన్న జట్టు బలంగా ఉంటే లోటు కొంతవరకే తెలుస్తుంది. క్వార్టర్‌బ్యాక్ గణాంకాల్లో అతని వంతెంత, ముందు నిలబడి దెబ్బలు కాచే లైన్‌మెన్ వంతెంత అన్నది 1973 నుంచి వాడుకలో ఉన్న పాసర్ రేటింగ్ విడదీసి చెప్పలేదు.

పైగా జీతం జరిగిపోయిన ఆటకు ఇచ్చేది, జట్టుకు కావలసిందేమో జరగబోయే ఆట. 2001లో న్యూ ఇంగ్లండ్ డ్రూ బ్లెడ్సోతో పదేళ్లకు 10 కోట్ల 30 లక్షల ఒప్పందం చేసుకుంది. ఆ సెప్టెంబర్‌లోనే అతను గాయపడ్డాడు, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 199వ వాడిగా వచ్చిన బ్రేడీ ఆ స్థానం తీసుకుని తిరిగి ఇవ్వలేదు. 2013 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిపించిన జో ఫ్లాకోకు బాల్టిమోర్ రేవెన్స్ 12 కోట్ల 6 లక్షలిచ్చింది. అది అప్పటికి రికార్డు. ఆ ఏడు అతను విసిరిన టచ్‌డౌన్ పాస్‌లు 19, ప్రత్యర్థులకు చిక్కినవి 22.

యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం ఈ కథను ఇంకో వైపు తిప్పింది. 2010లో డ్రాఫ్ట్‌లో తొలి పేరుగా వచ్చిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఒక్క ఆటైనా ఆడకముందే 5 కోట్ల డాలర్ల హామీ దొరికింది. మరుసటి ఏడు నుంచి కొత్తవాళ్ల జీతాలకు కట్టుబాటు వచ్చి, మంచి యువ క్వార్టర్‌బ్యాక్ నాలుగేళ్లపాటు చవగ్గా దొరకడం మొదలైంది. దీన్ని అర్థం చేసుకోవడానికి రసెల్ విల్సన్ ప్రయాణం ఒక్కటి చాలు. మూడో రౌండ్‌లో వచ్చిన విల్సన్ 2013 సీజన్ జీతం సుమారు 5 లక్షల 26 వేల డాలర్లు. మిగిలిన సొమ్ముతో సియాటిల్ సీహాక్స్ గట్టి రక్షణ దళాన్ని నిలబెట్టుకుంది. 2014 ఫిబ్రవరిలో అప్పటికి జట్టు మారిన మానింగ్ నాయకత్వంలోని డెన్వర్‌ను 43-8తో చిత్తుచేసి సూపర్ బౌల్ గెలిచింది, మరుసటి ఏడు కూడా ఫైనల్ చేరింది. 2015లో విల్సన్‌కు నాలుగేళ్లకు 8 కోట్ల 76 లక్షలు, 2019లో మరో నాలుగేళ్లకు 14 కోట్లు. గమనించవలసింది ఏమిటంటే అతని ఆట తగ్గలేదు. 2017లో లీగ్ మొత్తంలో ఎక్కువ టచ్‌డౌన్ పాస్‌లు అతనివే, 2020లో 40 విసిరాడు. అయినా 2015 తర్వాత అతనితో సియాటిల్ ఒక్కసారి కూడా సూపర్ బౌల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లలేకపోయింది. రక్షణ దళంలోని వాళ్ల గాయాలూ వయసూ కారణమే, కాదనను. కానీ వెళ్లినవాళ్ల స్థానంలో అంతటివాళ్లను తెచ్చుకోవడానికి క్యాప్‌లో చోటు ఇరుకైపోయింది.

2022లో డెన్వర్ అతన్ని తెచ్చుకుని 24 కోట్ల 50 లక్షల ఒప్పందం రాసింది. రెండు సీజన్లకే వదిలేసింది. ఇక్కడ క్యాప్ లెక్క తెలియాలి. ముందుగా చెల్లించిన బోనస్‌ను ఏటా కొంత చొప్పున చూపిస్తారు. ఆటగాణ్ణి మధ్యలో పంపేస్తే చూపించని భాగమంతా, హామీ ఇచ్చిన జీతంతో సహా, మీదపడుతుంది. అలా డెన్వర్ తనకు ఆడని మనిషి పేరిట 8 కోట్ల 50 లక్షల డాలర్ల క్యాప్ మోయవలసివచ్చింది.

అయితే ఇంత జీతం ఎవరికీ తగదా? కాన్సస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్‌కు తగింది. 1994 సీజన్‌లో సాన్‌ఫ్రాన్సిస్కోను గెలిపించిన స్టీవ్ యంగ్ క్యాప్‌లో 13.1 శాతం తీసుకున్నాడు. అంతకంటే ఎక్కువ వాటా తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ మళ్లీ సూపర్ బౌల్ గెలవడం 2022 సీజన్ దాకా జరగలేదు. సుమారు 17 శాతంతో మహోమ్స్ అది చేశాడు, మరుసటి ఏడు మళ్లీ గెలిచాడు. అతనికోసం కూడా కాన్సస్ సిటీ తన మెరుపు రిసీవర్ టైరీక్ హిల్‌ను వదులుకోక తప్పలేదు. అంత లోటునూ భర్తీచేసే ఆట ఆడగలిగినవాడు ఈ ముప్పై ఏళ్లలో అతనొక్కడే కనిపిస్తాడు.

దీనికి పూర్తి విరుద్ధంగా, న్యూయార్క్ జెయింట్స్ 2023లో ఒక మాదిరి క్వార్టర్‌బ్యాక్ డేనియల్ జోన్స్‌కు నాలుగేళ్లకు 16 కోట్లు రాసిచ్చి, ఏడాది తర్వాత బంతితో పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీని చేజార్చుకుంది. ఫిలడెల్ఫియా అతన్ని మూడేళ్లకు 3 కోట్ల 77 లక్షల 50 వేలకు తీసుకుంది. 2024 సీజన్‌లో బార్క్‌లీ 2,005 గజాలు పరుగెత్తాడు, ఫిలడెల్ఫియా సూపర్ బౌల్ గెలిచింది. ఆ సీజన్ మధ్యలోనే, 2024 నవంబర్‌లో, జెయింట్స్ జోన్స్‌ను పంపేసింది. యజమానులు ఇలా ఎందుకు చేస్తారంటే, ఒక మాదిరి క్వార్టర్‌బ్యాక్‌ను వదులుకుంటే అంతటివాడైనా దొరకడేమోనన్న భయం. ఆ భయమే ధర నిర్ణయిస్తోంది.

ఇప్పటి రికార్డు డాలస్ కౌబాయ్స్‌ది. 2024 సెప్టెంబర్‌లో డాక్ ప్రెస్కాట్‌కు నాలుగేళ్లకు 24 కోట్లు, అంటే ఏడాదికి 6 కోట్లు ఇచ్చారు. అదే ఏడు కొత్త ఆటగాడి కనీస జీతం 7 లక్షల 95 వేలు. ప్రెస్కాట్ మంచి ఆటగాడే, 2023లో 36 టచ్‌డౌన్ పాస్‌లతో లీగ్‌లో ముందున్నాడు. కానీ అప్పటికి ప్లేఆఫ్‌లలో అతను గెలిచినవి 2, ఓడినవి 5. ఒప్పందం చివరి ఏడాదిలో ఉన్నాడు, అది ముగిస్తే అతన్ని బలవంతంగా ఆపే హక్కు జట్టుకు లేదు. ఆ 6 కోట్లు అతని ఆటకంటే ఆ పరిస్థితికి కట్టిన ధర అని నా అభిప్రాయం. మహోమ్స్‌కు చెల్లిన లెక్క ప్రెస్కాట్‌కు చెల్లదు. 2025 ఆగస్టులో, జీతం బేరం తెగక, కౌబాయ్స్ తమ రక్షణ దళంలో అందరికంటే మేటి అయిన మైకా పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేసింది. ఆ జట్టు చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో.