డీల్ ఒడ్డున దొరికిన పది కాసులు

మా ఆఫీసులో టెస్టింగ్ టీము చూసే ఒక పెద్దాయన ఉన్నాడు. ఇంగ్లీషువాడు, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మా కోడులో పురుగులు వెతుకుతాడు, శని ఆదివారాలు మెటల్ డిటెక్టర్ భుజాన వేసుకుని నేలలో ఇనుమూ రాగీ వెతుకుతాడు. "రెండూ ఒకటే పని, ఇక్కడైతే కాస్త గాలి తగులుతుంది" అంటాడు. కిందటి అక్టోబరులో నన్నూ రమ్మన్నాడు. ఇంట్లో కూర్చుని చేసేదేముంది, సరే అని బయల్దేరాను.

వెళ్ళింది కెంట్‌లో డీల్ అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డుకి. ఇసుకతిన్నెలు, బజ్జీల బండ్లు ఊహించుకోకండి. అంతా గులకరాళ్ళు, ఎముకలు కొరికే గాలి. మొదటి రెండు గంటల్లో నా సంపాదన మూడు బీరు మూతలు, ఒక మేకు, సీసపు గుండు ఒకటి. నేను టీ ఎప్పుడా అని చూస్తుండగా హెడ్‌ఫోన్లలో గట్టిగా, శుభ్రంగా ఒక కూత వినిపించింది. జానెడు లోతున గుండ్రటి బిళ్ళ. మన పాత అర్ధరూపాయి కంటే కొంచెం పెద్దది, పచ్చగా కిలుం పట్టి, ఒకవైపు ఇసుక గట్టిపడి రాయిలా అతుక్కుని ఉంది.

ఆయన దాన్ని తడిపి, వెలుగుకి అటూ ఇటూ తిప్పి ఫోనుతో నాలుగు ఫోటోలు తీశాడు. "సైనికుల కోటు గుండీ కావచ్చు. కానీ వెనక కొక్కెం ఆనవాలు లేదు. నువ్వు తీశావు కాబట్టి ఇదేమిటో నువ్వే కనుక్కో" అని నా చేతిలో పెట్టాడు. "కడగొద్దు" అని కూడా చెప్పాడట. ఆ గాలిలో నాకు వినపడలేదు.

ఇంటికొచ్చి నేను చేసిన పని చెబితే తిడతారు. రాగి చెంబుకి చిలుం పడితే మా అమ్మ ఏం చేసేదో నేనూ అదే చేశాను. నానబెట్టిన చింతపండు పెట్టి తోమాను. పచ్చదనం పోయింది. ఇసుక పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. దాంతోపాటు నాణెం పై పొర కూడా ఊడింది. మిగిలినదాంట్లో రెండు పక్కలా నిలబడ్డ సింహాల ఒళ్ళు, మధ్యలో డాలు, దాని మీద శిలువ, కింద 180 అని మూడంకెలు కనిపించాయి. నాలుగో అంకె ఉండాల్సిన చోట గుంట పడింది. రెండో వైపు మాత్రం, నేను తోమలేదు కాబట్టి, అరబ్బీ లిపిలాంటి అక్షరాలు ఉన్నట్టు తెలుస్తోంది.

ఇంగ్లండు ఒడ్డున ఈ అక్షరాలేమిటి? మా కింది ఫ్లాటులో హైదరాబాదు మిత్రుడొకడున్నాడు, ఉర్దూ మీడియంలో చదివినవాడు. తీసుకెళ్ళి చూపించాను. భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఉర్దూ కాదన్నా, ఫార్సీ. దహ్ కాస్ దో ఫలూస్ అస్త్. పది 'కాస్' అంటే రెండు ఫలూసులు అని. ఫలూస్ అంటే పైసలనుకో. గీ కాస్ అంటే ఏందో మాత్రం నాకు తెల్వది."

నాకు తెలుసు. మా నాయనమ్మ మెళ్ళో కాసులపేరు ఉండేది. ఇప్పటికీ మన ఆడవాళ్ళు బంగారం కొనేటప్పుడు "ఎన్ని కాసులు పెట్టారు" అనే అడుగుతారు. అది కాసు. ఇంగ్లీషువాడి చెవికి అదే 'క్యాష్' అయింది. (జేబులో డబ్బుకి ఇంగ్లీషులో వాడే క్యాష్ వేరే దారిన వచ్చింది, పెట్టె అని అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి. మన నాణెం పేరైన క్యాష్ కాసు నుంచి పోర్చుగీసు వాళ్ళ నోట పడి వెళ్ళింది. రెండూ చివరికి ఒకే స్పెల్లింగులో కలిశాయి.)

అక్కణ్ణుంచి దారి తేలికైంది. సింహాలు మోస్తున్న ఆ డాలు ఈస్టిండియా కంపెనీ ముద్ర. ఇది మద్రాసు ప్రెసిడెన్సీ కోసం చేసిన పది కాసుల రాగి నాణెం. చేసింది మద్రాసులో కాదు, బర్మింగ్‌హాం దగ్గర సోహోలో, మాథ్యూ బౌల్టన్ టంకశాలలో. ఆవిరి యంత్రం జేమ్స్ వాట్‌కి వ్యాపార భాగస్వామి ఈ బౌల్టనే. ఆ ఆవిరినే నాణేలు కొట్టడానికి వాడాడు. చేత్తో సుత్తి దెబ్బ వేసి చేసిన నాణెం ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. యంత్రం కొట్టినవి అన్నీ ఒకే గుండ్రం, ఒకే బరువు. దొంగ నాణేలు చేసేవాడికి కష్టం. 1794లోనే ఇలా ఉత్తర సర్కారుల కోసం రూపాయిలో 48వ వంతు నాణేలు కొట్టించి పంపారు. అంటే మన శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, మచిలీపట్నం వైపు. 1800లో కడప, బళ్ళారి సీమలు, 1801లో నెల్లూరు కంపెనీ చేతికొచ్చాక ఈ చిల్లర అవసరం ఇంకా పెరిగింది.

మద్రాసు లెక్క ప్రకారం 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. వరహాకి 3,360 కాసులన్నమాట. కూలివాడి చేతిలో, సంతలో ఉప్పూ మిరపకాయలూ కొనేవాళ్ళ కొంగు ముడిలో తిరిగేది ఈ రాగే. అయినా దాని మీద ఫార్సీ, ఇంగ్లీషు తప్ప ఇంకో లిపి లేదు. దాదాపు అదే కాలంలో మద్రాసు టంకశాల కొట్టిన వెండి పావు వరహా మీద మాత్రం తెలుగూ తమిళమూ రెండూ ఉన్నాయి. మన డబ్బు మీద మన లిపి ఉండాలంటే మన ఒడ్డునే చెయ్యాలి కాబోలు.

ఇక అసలు చిక్కు నేను తినేసిన నాలుగో అంకెతో వచ్చింది. ఈ రకం నాణేలు 1803లోనూ చేశారు, 1808లోనూ చేశారు. చూడ్డానికి దాదాపు ఒకటే. 1803 అయితే ఏ కంపెనీ ఉద్యోగో తిరిగొస్తూ జేబులో తెచ్చి పారేసుకున్నాడనుకోవచ్చు. 1808 అయితే కథ వేరు.

1809 జనవరిలో అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ మద్రాసుకీ బెంగాలుకీ బయల్దేరింది. అందులో 48 టన్నుల రాగి నాణేలు, ఇంకా లంగర్లు, ఇనుము, తుపాకి గుళ్ళు ఉన్నాయి. డీల్ ఎదురుగా ఓడలు అనువైన గాలి కోసం ఆగే చోటు ఒకటుంది. దాని అవతల గుడ్విన్ ఇసుక దిబ్బలు. పోటుకి మునిగి, పాటుకి తేలే ఆ దిబ్బలు వందల ఓడల్ని మింగాయి. జనవరి 24 రాత్రి తుపానులో ఈ ఓడా, బ్రిటానియా అనే ఇంకో కంపెనీ ఓడా వాటి మీదకి కొట్టుకుపోయి పగిలిపోయాయి.

తర్వాత ఇంచుమించు 170 ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1976లో డోవర్ రేవు పనులకి ఆ దిబ్బల నుంచి తవ్వి తెచ్చిన ఇసుకలో నాణేలు బయటపడ్డాయి. 1980లలో గజ ఈతగాళ్ళు పది లక్షలకి పైగా నాణేలు పైకి తీశారు. ఓడ ఉన్న చోటుని 1985లో రక్షిత స్థలం అన్నారు. అది అప్పటి సముద్రపు సరిహద్దుకి అవతల ఉందని 1986లో ఎత్తేశారు. సరిహద్దు పెంచాక 1990లో మళ్ళీ రక్షణ కల్పించారు.

అలవాటు కొద్దీ లెక్క వేశాను. పది కాసుల నాణెం దాదాపు 4.66 గ్రాములు, ఇరవై కాసులది దానికి రెట్టింపు. కాబట్టి ఏవి ఎన్ని ఉన్నా 48 టన్నుల విలువ మారదు, రమారమి 31 వేల వరహాలు. అన్నీ చిన్నవే అయితే కోటి నాణేలు. కోటి నాణేలు బెజవాడ సంతల్లో, నెల్లూరు సంతల్లో చేతులు మారాల్సినవి, ఒక్క చేతికీ అందకుండా ఈ చలి నీళ్ళలో ఉండిపోయాయి.

మరి నాది 1803నా, 1808నా? సిగ్గు విడిచి సోమవారం పెద్దాయనకి జరిగింది చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. ఒడ్డున తీసిన ఫోటోలు తెరిచి, పెద్దది చేసి చూపించాడు. ఇసుక పెళ్ళ పక్కనే, తడికి మెరుస్తూ, నాలుగో అంకె. రెండు సున్నాలూ మూసుకునే ఉన్నాయి. ఎనిమిది.

ఎనిమిది అయినంత మాత్రాన ఆ ఓడదేనని ప్రమాణం చెయ్యలేం. పైకి తీసినవాటిని చౌకగా జ్ఞాపికలుగా అమ్మారు కూడా. ఎవరి జేబులోంచో జారి ఉండొచ్చు. కానీ దానికి అతుక్కున్న ఆ ఇసుక మంచి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని నేను సింకులో కడిగేశాను.

ఇక్కడ చట్టం ప్రకారం మునిగిన ఓడల నుంచి వచ్చిందేదైనా 28 రోజుల్లోగా రిసీవర్ ఆఫ్ రెక్ అనే అధికారికి తెలియజెయ్యాలి. తెలియజేశాం. సొంతదారు ఎవరైనా ఉంటే ఏడాదిలోపు వచ్చి అడగొచ్చట. ఈస్టిండియా కంపెనీని 1874లో రద్దు చేశారు. దాన్ని అందుకోవాల్సిన చేతులూ ఎప్పుడో పోయాయి. చూద్దాం ఎవరొస్తారో.

అమ్మకి ఫోనులో ఇదంతా చెబితే "మన దేవుడి మందిరంలో నాయనమ్మ పెట్టిన రాగి బిళ్ళలు రెండున్నాయిరా, దేనివో ఎవరూ చూళ్ళేదు" అంది. మీ ఇళ్ళల్లోనూ ఉండొచ్చు. ఈసారి వెళ్ళినప్పుడు తీసి చూడండి, ముందు ఫోటో తియ్యండి. చింతపండు మాత్రం పులుసులోకి ఉంచుకోండి.