తుపానుకు రాజకీయం ఉంది, సుడిగాలికి లేదు

2024 మార్చి 31, ఆదివారం మధ్యాహ్నం. లోక్‌సభ ఎన్నికల మొదటి దశ పోలింగుకు ఇంకా మూడు వారాలు కూడా లేవు. పశ్చిమ బెంగాల్ ఉత్తర భాగంలోని జల్పాయిగుడి జిల్లాలో, ముఖ్యంగా మైనాగుడి ప్రాంతంలో, ఒక సుడిగాలి కొద్ది నిమిషాలు మాత్రమే వీచింది. నలుగురైదుగురు మరణించారు, వందలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ముఖ్యమంత్రి మమతా బెనర్జీ ఆ రాత్రికే అక్కడికి చేరుకున్నారు. ఇళ్ళు కోల్పోయినవారికి ఎన్నికల నియమావళి అమలులో ఉండగా ఎంత సాయం ఇవ్వవచ్చునన్న విషయమై తృణమూల్ కాంగ్రెస్‌కూ ఎన్నికల సంఘానికీ మధ్య వివాదం నడిచింది. ఏప్రిల్ 19న పోలింగు ముగిసింది. వివాదమూ ముగిసింది.

ఆ మూడు వారాల వాదోపవాదాలలో మరుగున పడిపోయిన ప్రశ్న ఒకటుంది: ఆ ఊళ్ళకు అరగంట ముందు ఎవరైనా చెప్పగలిగి ఉండేవారా? చెప్పవలసిన బాధ్యత ఎవరిది? పరిహారం గురించి తగవులాడుకున్న పార్టీలు హెచ్చరిక గురించి తగవులాడుకోలేదు. ఇది ఆ ఒక్క ఘటనకు పరిమితమైన మరపు కాదు. దక్షిణాసియాలో ప్రకృతి వైపరీత్యాలకూ పాలనకూ మధ్యనున్న సంబంధపు చరిత్ర అంతా ఇలాగే నడిచింది. ఏ గాలివాన ప్రభుత్వాలను కదిలించిందో దానిని ఎదుర్కొనే వ్యవస్థ పుట్టింది. కదిలించలేనిది నేటికీ అనాథగానే మిగిలింది.

మొదట కదిలించినదాని చరిత్ర చూద్దాం. 1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుపానులో సుమారు అరవై వేల మంది మరణించారు. నెల తిరగకముందే, నవంబరు 1న, మన మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడి ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. బ్రిటిష్ ప్రభుత్వం విచారణ జరిపించింది. కలకత్తా రేవులో తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. ఆ వెనుకనే వచ్చిన వర్షాభావాలు కూడా తోడై 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఆ తొలి హెచ్చరికలు పల్లెల కోసం పుట్టలేదన్నది గమనించాలి. రేవులో నిలిచిన ఓడలూ, వాటిలోని సరుకూ వాటి లక్ష్యం. అయినా ఒక యంత్రాంగం అంటూ మొదలైంది.

ఆ యంత్రాంగం రేవుల నుంచి మనుషుల వైపు మళ్ళడానికి మరో శతాబ్దం పట్టింది. 1970 నవంబరు 12 రాత్రి తూర్పు పాకిస్తాన్‌లోని భోలా తీరాన్ని తాకిన తుపాను మూడు నుంచి ఐదు లక్షల మంది ప్రాణాలను బలిగొంది. చైనా పర్యటన ముగించుకొని వస్తూ ఢాకాలో దిగిన అధ్యక్షుడు యాహ్యాఖాన్ విమానంలోంచి ఆ ప్రాంతాన్ని చూసి పశ్చిమ పాకిస్తాన్‌కు వెళ్ళిపోయారు. సహాయ చర్యలలో జరిగిన జాప్యం బెంగాలీల గుండెల్లో మంటగా మారింది. డిసెంబరు 7న జరిగిన సార్వత్రిక ఎన్నికలలో, తుపాను దెబ్బకు వాయిదా పడి జనవరిలో పోలింగు జరిగిన స్థానాలతో కలిపి, తూర్పు భాగంలోని 162 సాధారణ స్థానాలలో 160 అవామీ లీగ్ గెలుచుకుంది. ఈ విజయానికి తుపాను ఒక్కటే కారణం కాదు. భాషోద్యమం, ఆర్థిక వివక్ష, ఆరు సూత్రాల డిమాండు అప్పటికే భూమిని సిద్ధం చేశాయి. కాని ‘మన చావు వారికి పట్టదు’ అన్న మాటకు అంతటి సాక్ష్యం మరొకటి అవసరం లేకపోయింది.

కొత్త దేశం ఆ పాఠాన్ని మరచిపోలేదు. ప్రభుత్వమూ రెడ్‌క్రాస్ కలిసి తీరప్రాంత స్వచ్ఛంద కార్యకర్తల దళాన్ని నిర్మించాయి. పశువులను తోలుకుపోవడానికి ఎత్తయిన మట్టిదిబ్బలు వేశారు. వాటిని ‘ముజీబ్ కిల్లా’లన్నారు. 1991లో మళ్ళీ లక్షా ముప్పై ఎనిమిది వేల మంది మరణించాక ఆశ్రయ భవనాల నిర్మాణం ఊపందుకుంది. 2020లో ఆంఫాన్ వచ్చినప్పుడు బంగ్లాదేశ్ ఇరవై లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించింది. మరణాలు పదుల సంఖ్యలోనే ఆగిపోయాయి.

మన తీరంలోనూ ఇదే క్రమం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పది వేల మందికి పైగా కొట్టుకుపోయారు. ఆ తరువాత కోస్తా జిల్లాలలో తుపాను రక్షిత భవనాలు లేచాయి. 1990 మేలో అంతటి తీవ్రమైన తుపానే కోస్తాను తాకినా మరణాలు వెయ్యిలోపే ఉన్నాయి. ఒడిశాలో 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుపాను దాదాపు పది వేల మందిని చంపింది. ముఖ్యమంత్రి గిరిధర్ గమాంగ్ ఆ డిసెంబరులో పదవి వీడారు, మరుసటి ఏటి ఎన్నికలలో కాంగ్రెస్ అధికారం కోల్పోయింది. దేశంలో విపత్తుల నిర్వహణ చట్టం రావడానికి ఆరేళ్ళ ముందే ఒడిశా తన సొంత విపత్తు సంస్థను నెలకొల్పుకుంది. 2013లో పైలిన్ వచ్చేనాటికి ఆ రాష్ట్రం సుమారు పది లక్షల మందిని తరలించగలిగింది. మృతులు యాభై లోపు. పది వేల నుంచి యాభైకి తగ్గిన ఈ సంఖ్య వెనుక ఉపగ్రహాలున్నాయి, రాడార్లున్నాయి. వాటితోపాటు, కాపాడలేకపోతే కుర్చీ పోతుందన్న భయమూ ఉంది.

ఇప్పుడు రెండో చరిత్ర. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి నేలబారున ఉత్తరానికి పాకుతుంది. దాని మీదుగా పడమటి నుంచి పొడిగాలి వీస్తుంది. చైత్ర వైశాఖాల ఎండ కింద నుంచి కాస్తుంది. ఈ మూడూ కలిసినచోట సాయంకాలాలలో పుట్టే గాలివానను బెంగాలీలు ‘కాలబైశాఖి’ అంటారు. ఎత్తుతోపాటు గాలి దిశా వేగమూ బాగా మారుతున్న రోజున ఆ మేఘం తనలో తాను తిరగడం మొదలుపెడుతుంది. అందులో ఏ కొన్నో నేలకు దిగి టోర్నడోలవుతాయి. అమెరికా మైదానాలకే పరిమితమని మనం భావించే ఈ సుడిగాలి బెంగాల్‌కు కొత్త కాదు. 1838లో కలకత్తా సమీపంలో రెండు వందల మందికి పైగా చంపింది. 1888 ఏప్రిల్ 7న ఢాకా మీదుగా సాగి నవాబుల అహసన్ మంజిల్‌ను సైతం దెబ్బతీసింది.

ప్రపంచ చరిత్రలోకెల్లా అత్యధిక ప్రాణనష్టం కలిగించిన టోర్నడోగా పేరుపడ్డది కూడా ఈ నేల మీదే వచ్చింది. 1989 ఏప్రిల్ 26 సాయంత్రం బంగ్లాదేశ్‌లోని మాణిక్‌గంజ్ జిల్లాలో దౌలత్‌పూర్, సాటూరియా ప్రాంతాలను తుడిచిపెట్టింది. సుమారు పదమూడు వందల మంది మరణించారు, పన్నెండు వేల మంది గాయపడ్డారు, దాదాపు ఎనభై వేల మంది నిలువనీడ కోల్పోయారు. ఆ తరువాత ఇరవై నెలలకు ఎర్షాద్ పాలన కూలింది. కాని ఆ పతనానికి చెప్పే కారణాలలో సాటూరియా పేరు కనిపించదు. 1996 మే 13న టాంగైల్, జమాల్‌పూర్ జిల్లాలలో మరో టోర్నడో సుమారు ఏడు వందల మందిని చంపింది. ఎగిరివచ్చిన ఇంటికప్పుల రేకులే ఎందరినో కోసివేశాయి. వారం తిరగకముందే సైన్యాధిపతి నసీమ్ బర్తరఫ్‌తో ఢాకాలో సంక్షోభం తలెత్తింది, నెలకు ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాది రాజకీయ చరిత్రలో ఆపద్ధర్మ ప్రభుత్వముంది, తిరుగుబాటు యత్నముంది. టాంగైల్ మృతులు లేరు.

మన దేశంలో మాత్రం వేరుగా ఉందా? 1978 మార్చి 17న దేశ రాజధానిలోనే, ఢిల్లీ విశ్వవిద్యాలయ పరిసరాలలో, రెండు మూడు నిమిషాలపాటు వీచిన టోర్నడో 28 మందిని చంపింది. సుమారు ఏడు వందల మంది గాయపడ్డారు. రాజధానిలో జనతా పాలన గురించి పుంఖానుపుంఖాలుగా వచ్చిన రచనలలో దానికి ఎంత చోటు దక్కిందో పాఠకులే చూసుకోవచ్చు. 1998 మార్చి 24న ఒడిశా, పశ్చిమ బెంగాల్ సరిహద్దులో దాంతన్, బాలాసోర్ ప్రాంతాలలో మరొకటి వంద మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ తేదీ తెలుగు పాఠకులకు వేరే కారణంగా గుర్తుండవచ్చు. జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకరుగా ఎన్నికైన రోజది. వాజపేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షకు సిద్ధమవుతున్న ఆ వారంలో దేశం కళ్ళన్నీ అంకెల మీదే ఉన్నాయి.

ఈ ఉపేక్షకు కారణాలు లోతైనవి. తుపాను రోజుల తరబడి నడిచి వస్తుంది. దానికి ఇప్పుడు పేరు కూడా పెడుతున్నాం. హెచ్చరిక వచ్చిందా, అధికారి కదిలాడా అని అడగడానికి వ్యవధి ఉంటుంది. కాబట్టి వైఫల్యానికి బాధ్యుడూ ఉంటాడు. సుడిగాలికి ఆ వ్యవధి లేదు గనుక ‘దైవఘటన’ అనేసి చేతులు దులుపుకోవడం తేలిక. తుపాను జిల్లాలకు జిల్లాలను, అంటే పదుల కొద్దీ నియోజకవర్గాలను ముంచుతుంది. సుడిగాలి ఒకటి రెండు మండలాల మీదుగా సన్నని గీత గీసి పోతుంది. చనిపోయేవారు కూడా దాదాపు ఒకే వర్గం వారు: మట్టిగోడలు, రేకుల కప్పులు ఉన్నవారు, సాయంత్రం దాకా పొలంలో ఉండేవారు. నాలుగు గ్రామాల కూలీల మృత్యువు ఏ ఎన్నికనూ తారుమారు చేయలేదు.

2018 మే 2న రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ధూళి తుపాను, గాలివానలు కలిసి 120 మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు రాజకీయ దుమారం రేగింది. కాని అది దేనిమీద? ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ కర్ణాటక ఎన్నికల ప్రచారంలో ఉన్నారన్న దానిమీద. ఆయన ప్రచారం కుదించుకొని ఆగ్రా వెళ్ళారు. మరుసటి వారం మరో గాలివాన హెచ్చరిక రాగానే హర్యానా రెండు రోజులు బడులు మూసేసింది. మొదట నిర్లిప్తత, ఆపై హడావుడి. నడుమ ఉండవలసిన వ్యవస్థ గురించి మాత్రం చర్చ లేదు.

నేపాల్ అనుభవం మరీ విచిత్రం. 2019 మార్చి 31న బారా, పర్సా జిల్లాలలో 28 మంది మరణించినప్పుడు మొదట దానిని గాలివాన అనే అన్నారు. ఉపగ్రహ చిత్రాలూ క్షేత్ర పరిశీలనా చూశాకే అది టోర్నడో అని, ఆ దేశంలో అధికారికంగా నమోదైన మొదటిదని తేలింది. ఇళ్ళు కట్టే పని సైన్యానికి అప్పగించారు. పేరే లేని ప్రమాదానికి ముందస్తు హెచ్చరిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది సాధ్యంకాని పని అనేవారు అమెరికా చరిత్రను ఒకసారి చూడాలి. పందొమ్మిదో శతాబ్దపు చివర నుంచి దశాబ్దాలపాటు అక్కడి వాతావరణ సంస్థ ‘టోర్నడో’ అన్న మాటను ముందస్తు సూచనలలో వాడనివ్వలేదు. జనం భయపడి పరుగులు తీస్తారన్నది వాదన. 1925లో ఒక్క టోర్నడోకే 695 మంది బలయ్యారు. 1948 మార్చి 25న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరంలో ఇద్దరు సైనిక వాతావరణ అధికారులు మొదటిసారి సూచన జారీచేశారు, ఆ సాయంత్రమే అది నిజమైంది. దాపరికపు గోడ ఆ తరువాతనే కూలింది. అక్కడ కూడా విజ్ఞానం కంటే ముందు మారవలసి వచ్చింది పాలకుల వైఖరే.

మన వైఖరి ఎక్కడుందో ఒక జాబితా చెబుతుంది. 15వ ఆర్థిక సంఘం కాలానికి విపత్తు సహాయ నిధి ఖర్చు చేయడానికి కేంద్రం గుర్తించిన వైపరీత్యాలు పన్నెండు. అందులో తుపానుంది, వడగళ్ళవానుంది, హిమపాతముంది, పంటలపై తెగుళ్ళ దాడి ఉంది, చలిగాలులున్నాయి. టోర్నడో లేదు. ఏటా రెండు వేల మందికి పైగా చంపుతున్న పిడుగు కూడా లేదు. రాష్ట్రాలు కావాలనుకుంటే తమ నిధిలో పది శాతానికి మించకుండా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఒడిశా ఆ వెసులుబాటుతోనే పిడుగునూ టోర్నడోనూ తన జాబితాలో చేర్చుకుంది. బంగ్లాదేశ్ 2016లో పిడుగును జాతీయ విపత్తుగా ప్రకటించి ఊళ్ళలో తాటిచెట్లు నాటే కార్యక్రమం చేపట్టింది. చెట్లు ఎంతవరకు కాపాడతాయన్నది వేరే చర్చ. ఆ చావులు ప్రభుత్వ లెక్కలోకి వచ్చాయన్నది ముఖ్యం.

సుడిగాలిని ఆపలేం, రోజుల ముందు చెప్పలేం. అయితే తిరుగుతున్న మేఘాన్ని డాప్లర్ రాడార్ చూడగలదు. 2014లో పదిహేను ఉన్న ఆ రాడార్లు పదేళ్ళలో నలభై దాకా పెరిగాయి. 2024లో ఆమోదం పొందిన రెండు వేల కోట్ల ‘మిషన్ మౌసమ్’తో మరిన్ని రానున్నాయి. 2023లో మన ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగిన పరీక్షా సందేశం గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ విపత్తుల సంస్థ పిడుగుపాటు హెచ్చరికలను మండలాలవారీగా పంపుతూనే ఉంది. పావుగంట వ్యవధిని పల్లె దాకా చేర్చే సాధనాలు ఉన్నాయి. పావుగంటలో పరుగెత్తి చేరడానికి ప్రతి ఊళ్ళో ఒక పక్కా గది, బడిలోనో పంచాయతీ భవనంలోనో, ఉందా అన్నది రెండో ప్రశ్న. రేకులను గోడకు గట్టిగా బిగించే కొక్కేలకు గృహనిర్మాణ పథకాలు డబ్బు ఇస్తున్నాయా అన్నది మూడోది.

ఈ ప్రశ్నలు పార్లమెంటులో అడగదగినవి, అసెంబ్లీలలో అడగదగినవి. జాబితాలో ఒక పేరు చేర్చడానికి రాజ్యాంగ సవరణ అవసరం లేదు. భోలా, దివిసీమ, ఒడిశా మృతులు తమ సంఖ్యాబలంతో పాలకులచేత సమాధానం చెప్పించుకున్నారు. సాటూరియా, దాంతన్, మైనాగుడి మృతులకు ఆ బలం లేదు. పదుగురు చనిపోయినచోట కూడా జవాబు చెప్పవలసిందేనని ప్రభుత్వం ఒప్పుకున్ననాడే సుడిగాలికి ఎదురుగా ఒక వ్యవస్థ నిలుస్తుంది.