జాన్ వూ చిత్రాలలో తుపాకీ పోరు

తుపాకీ పోరుకు నృత్యపు లయను కూర్చిన హాంకాంగ్ దర్శకుడు జాన్ వూ. ఆయన శైలిని స్థిరపరచిన చిత్రం ‘ఎ బెటర్ టుమారో’ (1986). ద్రోహానికి గురైన మిత్రుని పగ తీర్చుటకు భోజనశాలలో ప్రవేశించే మార్క్ (చౌ యున్ ఫాట్), దారిలోని పూలకుండీలలో పిస్తోళ్లు దాచుతాడు. రెండు చేతులా కాల్చి, గుళ్లు అయిపోగానే వాటిని జారవిడిచి, తిరుగుదారిలో కుండీల నుండి కొత్తవి అందుకుంటాడు. గుళ్లు నింపే జాప్యం లేదు, లయ చెడదు. అయితే తుదకు తూటాలు తగిలి కుంటివాడవుతాడు. స్నేహానికి అతడు చెల్లించిన మూల్యమది.

నెమ్మది చలనంలో శామ్ పెకిన్‌పా ప్రభావం స్పష్టం. తెల్ల పావురాలు ‘ది కిల్లర్’ (1989)లోని చర్చిలో ఎగిరాయి. ‘హార్డ్ బాయిల్డ్’ (1992)లో ఆసుపత్రి పోరు రెండు నిమిషాలకు పైగా ఒకే షాట్‌లో సాగుతుంది.

అమెరికా దర్శకుడు మైకేల్ మాన్ మార్గం వేరు. ‘హీట్’ (1995)లో దొంగలు లాస్ ఏంజిలిస్ వీధిలో వెనుకంజ వేస్తూనే సైనికులవలె గుళ్లు నింపుకుంటారు.