వంద రూపాయల జుర్మానా

వెలివాడల చరిత్ర రాయాలంటే శాసనాలు, కైఫీయతులు చాలవు. పోలీసు స్టేషన్ రిజిస్టర్లు కూడా చదవాలి. మనవాళ్ళ పేర్లు రాజ్యం మరిచిపోకుండా రాసిపెట్టుకున్న చోటు అదొక్కటే. ఆ రాత నౌకరీ దగ్గర ఎట్లా అడ్డం పడుతుందో కృష్ణానగర్ నుంచి చూద్దాం.

కృష్ణానగర్ సినిమావాళ్ళ బస్తీ అంటారు. పొద్దున్నే అడ్డా మీద జూనియర్ ఆర్టిస్టులు, కూలీలు పక్కపక్కనే నిలబడతారు. ఒక దిక్కు జూబ్లీహిల్స్ బంగళాల గేట్లు, ఇంకో దిక్కు యూసుఫ్‌గూడ పోలీసు బెటాలియన్. వేషం దొరకని పిలగాండ్లకు కండ్ల ముందు కనబడే కొలువులు రెండు: గేటు కాడ సెక్యూరిటీ గార్డు, లేకుంటే కానిస్టేబుల్. రెంటికీ పోలీసు వెరిఫికేషన్ దాటాలి.

మా తమ్ముడు అక్కడే ఆగిపోయాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఊళ్ళో బోనాల ఊరేగింపు మా వాడ నుంచి బజారులోకి రావద్దన్నారు. మాటా మాటా పెరిగి గొడవైంది. ఇండియన్ పీనల్ కోడ్ 160 కింద, అంటే బహిరంగ స్థలంలో కొట్లాట అని, కేసు పెట్టారు. కొట్లాటకు రెండు పక్కలుండాలి గదా. రిజిస్టర్లో మా పక్కే ఉంది. కోర్టు వరండాలో ఎవరో పెద్దమనిషి చెప్పిండట, "ఒప్పుకుంటే వంద రూపాయలతో అయిపోతది బిడ్డా, లేకుంటే ఏడాది తిరుగుడే" అని. ఒకరోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇల్లు మాది. ఒప్పుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత ఒక సెక్యూరిటీ ఏజెన్సీ కాగితం కృష్ణానగర్ గది నుంచి బయలుదేరి మా ఊరి స్టేషన్ దాకా పోయి వచ్చింది. వాడు ఊరిడిసినా ఊరి స్టేషన్ వాణ్ణి ఇడువలేదు.

ఇక్కడ చట్టాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. 1860 నాటి ఆ సెక్షన్‌లో జరిమానా గరిష్ఠం వంద రూపాయలు. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 376 ప్రకారం మొదటి తరగతి మేజిస్ట్రేటు వంద రూపాయలకు మించని జరిమానా మాత్రమే వేస్తే దానిమీద అప్పీలు లేదు. అంత చిన్న శిక్షకు అప్పీలెందుకని చట్టం ఉద్దేశం. 2005 ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టమేమో కోర్టులో శిక్షపడినవాణ్ణి గార్డుగా పెట్టుకోరాదంటుంది. నేరం చిన్నదా పెద్దదా, ఎన్నేళ్ళ కిందటిది అన్న తేడా ఆ వాక్యంలో లేదు. అప్పీలుకు పనికిరానంత చిన్నదైన శిక్ష బతుకుదెరువు తీసేసేంత పెద్దదెట్లా అయింది?

తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది. 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 3 కింద మొదటిసారి చిన్న నేరం చేసినవాణ్ణి మందలించి వదిలెయ్యొచ్చు. అట్లా వదిలితే, సెక్షన్ 12 ప్రకారం, ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత అంటదు. కానీ ఆ దారి అడగడానికి వకీలు కావాలి. వకీలున్నవాడు మందలింపుతో బయటపడతాడు. లేనివాడు వంద కట్టి నేరస్తుడవుతాడు. తేడా నేరంలో లేదు, కుటుంబంలో మొదటి చదువు ఎప్పుడొచ్చిందన్న దాంట్లో ఉంది.

ఈ రాత అలవాటు నిన్నటిది కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911లో దాన్ని సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. నేరం చెయ్యకముందే, పుట్టుకతోనే ఎరుకల వాళ్ళను రిజిస్టర్లకెక్కించారు. హాజరు వెయ్యాలి, అనుమతి లేకుండా ఊరు దాటరాదు. సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం సెటిల్మెంటు ఆ కాలం నాటిదే. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. 1962లో ఆంధ్రప్రదేశ్ హాబిచ్యువల్ అఫెండర్స్ చట్టం వచ్చింది. కులం పేరు పోయింది, రిజిస్టరు మిగిలింది. మాల మాదిగలు ఆ పాత జాబితాలోని వాళ్ళు కారు, నిజమే. అయితే ఎవరి మీద కేసు రాయడం సులువో స్టేషన్‌కు నేర్పిన బడి ఒకటే. దళితుల మీద తప్పుడు కేసులు పెట్టడాన్నే నేరంగా 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో చేర్చాల్సి వచ్చిందంటే, ఆ కేసులు ఎంత మామూలో రాజ్యమే ఒప్పుకున్నట్టు.

సుప్రీంకోర్టు తీర్పుల్లో కొంత ఊరట ఉంది. 2005లో ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ అభ్యర్థి కేసులో, ఫారం శిక్ష సంగతి అడిగితే అరెస్టు సంగతి చెప్పలేదని తప్పుపట్టలేమంది. 2011లో ఢిల్లీ పోలీసు కేసులో జస్టిస్ మార్కండేయ కట్జూ, రొట్టె దొంగిలించిన జీన్ వాల్జీన్‌ను గుర్తుచేసి, కుర్రతనపు తప్పులను క్షమించాలన్నారు. 2016 అవతార్ సింగ్ తీర్పు, చిన్న వయసులో నినాదాలివ్వడం వంటివి దాచినా యజమాని చూసీచూడనట్టు పోవచ్చంది. అదే తీర్పు, నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదనీ అంది. 2013 మెహర్ సింగ్ తీర్పు ప్రకారం రాజీతో కొట్టేసిన కేసు గౌరవంగా నిర్దోషి అయినట్టు కాదు. ఊరి పెద్దలు మెడలు వంచి రాజీ చేయించే వాడల్లో ఈ మాట ఎవరి మీద పడుతుందో వేరే చెప్పాలా?

2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో కోర్టు, వెనుకబడిన, ఎస్సీ, ఎస్టీ వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లకెక్కించొద్దని రాష్ట్రాలకు చెప్పింది. మంచిదే. అయితే మా తమ్ముడిది హిస్టరీ షీటు కాదు. వంద రూపాయల రశీదు.

ఇంగ్లండులో 1974 నుంచే చిన్న శిక్షలు కొంతకాలానికి చెల్లిపోయే చట్టముంది. ఆ తర్వాత చాలా ఉద్యోగాలకు వాటి సంగతి చెప్పక్కర్లేదు. మన దగ్గర బాలలకు తప్ప అట్లాంటి సాధారణ చట్టం లేదు. 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయసంహిత కొట్లాట జరిమానాను వెయ్యికి పెంచింది, చెల్లిపోయే గడువు మాత్రం పెట్టలేదు.

మనం అడగాల్సినవి రెండు. నేరం ఒప్పుకునే ముందు మేజిస్ట్రేటు ప్రొబేషన్ సంగతి, నౌకరీ సంగతి తెలుగులో చెప్పాలి. జరిమానాతో పోయిన కేసు కొన్నేళ్ళకు వెరిఫికేషన్ కాగితంలోంచి పోవాలి. అందాక ఒక పని మన చేతిలో ఉంది. వాడవాడలో ఇట్లా ఒప్పుకున్న కేసులు రాసిపెడదాం: ఏ గొడవ, అవతలి పక్క ఎవరు, వాళ్ళ పేరు రిజిస్టర్లో ఉందా లేదా అని. తమ్ముడు ఇప్పుడు షూటింగుల్లో గుంపులో నిలబడుతున్నాడు. నా లెక్కలో మొదటి కేసు వాడిదే.