నడుము నొప్పి వైద్యము: నాడు, నేడు

తెలుగున నడుమును గూర్చి రెండు నుడికారములు కలవు. అలసినవాడు కొంతసేపు నడుము వాల్చును. కార్యమునకు పూనుకొన్నవాడు నడుము బిగించును. మొదటిది విశ్రాంతి, రెండవది పూనిక. నడుము నొప్పికి మానవుడు చేసికొన్న చికిత్సల చరిత్రయంతయు ఈ రెండింటి మధ్య నడచినది. ఆ కథ తెలిసికొనుట కేవలము కుతూహలము కొరకు గాదు. నేటికిని మన ఇండ్లలో నడుము పట్టినవారికి దొరకు మొదటి సలహా "కదలక పడుకొనుము" అనునదే. ఆ సలహా ఎచటినుండి వచ్చినదో, ఎట్లు వీగిపోయినదో ఇచట సంగ్రహముగా చెప్పుచున్నాము.

వ్యాధి ప్రాచీనమైనది. చరక సంహితలో గృధ్రసి అను వాతరోగము వర్ణింపబడినది. పిరుదు, నడుము, తొడ, మోకాలు, పిక్కలమీదుగా పాదమువరకు నొప్పి ప్రాకుట దాని లక్షణము. నేడు వైద్యులు సయాటికా అనునది ఇంచుమించు ఇదియే. హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రీకు గ్రంథములలో రోగిని బల్లపై పరుండబెట్టి వెన్నును ఇరువైపులకు లాగు పద్ధతి కలదు. 1764లో నేపుల్సు నగర వైద్యుడు దొమెనికో కొతూన్యో సయాటికాను గూర్చి ప్రత్యేక గ్రంథము వెలువరించి, ఆ నొప్పిలో నరమునకుగల పాత్రను చూపెను. మన పల్లెలలో వావిలాకు వేసి కాచిన నీటితో కాపడమును, నూనె మర్దనయు తరతరములుగా నడచుచున్నవి. ఇవన్నియు బాధను తగ్గించు ప్రయత్నములు. వారములు, నెలలు శయ్యను విడువరాదను నియమము వైద్యమున బలపడినది పందొమ్మిదవ శతాబ్దమున.

ఆ నియమమునకు పునాది వేసినవారు సామాన్యులు గారు. లండనులోని గైస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు జాన్ హిల్టన్, దేహమును స్వస్థపరచుటలో విశ్రాంతికి గల శక్తిని గూర్చి ఉపన్యసించెను. ఆ ఉపన్యాసములు 1863లో గ్రంథరూపము దాల్చినవి. లివర్‌పూలులోని హ్యూ ఓవెన్ థామస్ విరిగిన ఎముకలకును, క్షయ సోకిన కీళ్లకును బద్దలు కట్టి, ఏమాత్రము కదలిక లేని దీర్ఘ విశ్రాంతిని విధించెను. సూక్ష్మజీవులను చంపు మందులు లేని ఆ కాలమున అది సరియైన వైద్యమే. ఎందరో అంగవైకల్యము తప్పించుకొనిరి. కాని పిదపి తరముల వైద్యులు విరిగిన ఎముకకు తగిన విధిని, విరుగని నడుమునకును వర్తింపజేసిరి. పొరపాటు అచట జరిగినది.

1934లో అమెరికాలోని బోస్టను నగరమున మిక్స్‌టర్, బార్ అను శస్త్రవైద్యులు, వెన్నుపూసల నడుమ నుండు డిస్కు చిట్లి నరమును ఒత్తుటవలన సయాటికా కలుగునని ప్రకటించిరి. ఇది గొప్ప ఆవిష్కరణము. అయినను దాని వెంట "డిస్కు జారినది" అను భయము గృహములలో ప్రవేశించెను. జారినది తిరిగి కుదురుకొనువరకు కదలరాదని జనులు తలచిరి. పరుపుక్రింద చెక్కలు పరచుట, కాళ్లకు బరువులు వ్రేలాడదీయుట పరిపాటియయ్యెను.

ఎదురుగాలి మెల్లగా వీచినది. 1947లో లండను వైద్యుడు రిచర్డ్ ఆషర్, మంచము పట్టుటవలన కలుగు కీడులను ఏకరువు పెట్టెను. రక్తము గడ్డకట్టును, కండరములు క్షీణించును, ఎముకలు బలము తగ్గును, మనస్సు క్రుంగును. 1956లో న్యూజీలాండునందు రాబిన్ మెకెంజీ అను ఫిజియోథెరపిస్టు ఒక రోగిని బల్లపై బోరగిల పరుండుమని చెప్పి ప్రక్కకు వెళ్లెను. అంతకుముందు మరియొకరికై ఆ బల్ల ఒక కొన ఎత్తబడియుండెను. రోగి అట్లే నడుము వెనుకకు వంగియుండగా పరుండెను. కొన్ని నిమిషములకు మెకెంజీ తిరిగివచ్చి చూచి కలవరపడెను. వెన్నును అట్లు వంచుట అపాయమని ఆనాటి నమ్మకము. కాని రోగి మాత్రము, వారములనుండి వేధించిన కాలినొప్పి తగ్గినదని చెప్పెను. ఆ యాదృచ్ఛిక ఘటనను మెకెంజీ ఒక చికిత్సాపద్ధతిగా పెంపొందించెను. 1969లో స్వీడనులో మరియాన్ జాక్రిసన్ ఫోర్సెల్ "నడుము బడి"ని నెలకొల్పెను. నడుము నిర్మాణము, కూర్చుండుట, బరువులెత్తుట, వ్యాయామము అచటి పాఠములు. రోగి అచట విద్యార్థియయ్యెను.

అనుభవమునకు పిమ్మట పరీక్షలు తోడైనవి. 1986లో అమెరికాలో రిచర్డ్ డేయో బృందము 203 మంది రోగులలో కొందరికి రెండు దినములు, కొందరికి ఏడు దినములు మంచముపై నుండుమని సలహా ఇచ్చెను. తక్కువ విశ్రాంతి పొందినవారు పని మానిన దినములు 45 శాతము తగ్గినవి. తక్కిన విషయములలో వారికి నష్టమేమియు కలుగలేదు. 1995లో ఫిన్లాండులోని హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిని మూడు తెగలుగా విభజించి పరిశీలించిరి. శక్తికొలది నిత్యకృత్యములు సాగించినవారు త్వరగా కోలుకొనిరి. మంచము పట్టినవారు అందరికంటె ఆలస్యముగా కోలుకొనిరి. అంతకు ముందటి యేడు, 1994లో, నడుము నొప్పి ఎరుగని 98 మందికి ఎం.ఆర్.ఐ. చిత్రములు తీయగా, డిస్కులన్నియు చక్కగానున్నవారు 36 శాతము మాత్రమే. చిత్రమున కనబడు ప్రతి లోపమును వ్యాధి కాదని తేలినది. గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు గోర్డన్ వాడెల్ 1987లోనే, నొప్పితోపాటు రోగి భయమును, జీవనస్థితిని కూడ వైద్యుడు గమనింపవలెనని వాదించియుండెను.

2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రత్యేక కారణము కానరాని దీర్ఘకాలిక నడుము నొప్పికి మార్గదర్శకములు ప్రకటించెను. వ్యాధిని గూర్చిన అవగాహన, వ్యాయామము, మర్దనవంటి చికిత్సలు, మనోధైర్యము పెంచు తోడ్పాటు అందు చోటు చేసికొన్నవి. నడుము పట్టీలును, లాగుడు చికిత్సయు, నల్లమందుజాతి మందులును సాధారణముగా వలదనిరి. గ్రీకుల బల్ల ఈ విధముగా మూలకు చేరినది.

ఒక హెచ్చరిక మాత్రము మరువరాదు. మలమూత్రములపై అదుపు తప్పినను, మర్మావయవముల చుట్టు తిమ్మిరి కలిగినను, కాలు పడిపోవుచున్నను, జ్వరముగాని, అకారణముగా బరువు తగ్గుటగాని, పెద్ద దెబ్బగాని తోడైనను తడవుచేయక వైద్యుని చూడవలెను. అట్టి సూచనలు లేనప్పుడు, బాధ మిక్కుటమైన ఒకటి రెండు దినములు నడుము వాల్చుట తప్పుగాదు. పిదప మెల్లగా లేచి నడువవలెను. ఇంటివారు చేయదగిన సేవయు ఇదియే: రోగి చేతిలోని ప్రతి పనిని లాగికొనుట గాక, వీధి చివరివరకు తోడుగా నడచుట.