ఆ ఫోటోలో ఉన్నది చిరుతేనా?

ఫోటో చూసి మార్జాల జాతి జంతువును పోల్చే పని మన దేశంలో ఎఫ్. డబ్ల్యు. చాంపియన్‌తో మొదలైందని చెప్పవచ్చు. యునైటెడ్ ప్రావిన్సెస్ అటవీశాఖలో పనిచేసిన ఈ బ్రిటిష్ అధికారికి తుపాకీ కన్నా కెమెరా మీదే మోజు. పులులు తిరిగే బాటకు అడ్డంగా సన్నని తీగ కట్టేవాడు. దానికి కాలు తగలగానే మెగ్నీషియం పొడి భగ్గున మండి కెమెరా పనిచేసేది. రాత్రంతా కలిపి దొరికేది ఒక్క ఫోటో. ఆయన తీసిన పులుల ఫోటోలు 1925లో 'ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్'లో అచ్చయ్యాయి, 1927లో పుస్తకమూ వచ్చింది. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవని, వాటిని బట్టి ఒక్కో పులినీ విడిగా గుర్తుపట్టవచ్చని ఆయన గమనించాడు. ఆ గమనిక పులుల లెక్కలకు పనికిరావడానికి మాత్రం మరో డెబ్బై ఏళ్లు పట్టింది.

ఈలోగా మసక ఫోటోల తగవు ఇంగ్లండ్‌లో ముదిరింది. 1960లలో సర్రే ప్రాంతంలో ప్యూమా తిరుగుతోందన్న వదంతి ఎంత పాకిందంటే, గోడల్మింగ్ పోలీసులు వచ్చిన కబుర్లు రాసుకోవడానికి విడిగా ఒక పుస్తకమే పెట్టారు. ప్యూమా లాంటి పెద్ద పిల్లులను ఇళ్లలో పెంచుకునేవారికి 1976లో లైసెన్సు తప్పనిసరి చేశారు. ఆ ఖర్చు, ఆ తనిఖీలు భరించలేక కొందరు వాటిని వదిలేశారన్న మాట అప్పటి నుంచి వినిపిస్తూనే ఉంది. కార్న్‌వాల్‌లోని బోడ్మిన్ మైదానంలో గొర్రెలు చచ్చిపడుతుంటే రైతులు అక్కడ తిరుగుతోందని చెప్పుకునే ఒక పెద్ద నల్ల పిల్లి వైపే వేలు చూపారు. చివరికి 1995లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ విచారణ జరిపించింది.

అప్పుడు నిపుణులు చేసిన పని చెప్పుకోదగ్గది. ఖాళీ పచ్చిక బయల్లో నిలబడ్డ నల్లని ఆకారం దగ్గరున్న పెంపుడు పిల్లి కావచ్చు, దూరాన ఉన్న చిరుతా కావచ్చు. దూరం తెలియనిదే ఒడ్డూ పొడుగూ తెలియదు. అందుకని వాళ్లు ఫోటోలను గంటల తరబడి చూస్తూ కూర్చోలేదు. వాటిలో కనిపించిన గట్లను, గోడలను వెతుక్కుంటూ వెళ్లి, జంతువు నిలబడ్డ చోటే కొలతలు గీసిన కర్ర పాతి, మళ్లీ అదే వైపు నుంచి ఫోటో తీసుకుని రెండింటినీ సరిపోల్చారు. పెద్ద మృగమని ఊదరగొట్టిన ఆకారాల్లో కొన్ని ఇంటిపిల్లి ఎత్తుకు దిగిపోయాయి. పెద్ద పిల్లి ఉందనడానికి రుజువు దొరకలేదని, అలాగని లేదనీ రుజువు చేయలేమని నివేదిక తేల్చింది. ఆ వెంటనే ఫోయీ నదిలో ఒక కుర్రాడికి పుర్రె దొరికింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం దాన్ని పరీక్షించి, చిరుత పుర్రేనని ఒప్పుకుంది. కానీ అందులో ఉష్ణదేశపు బొద్దింక గుడ్ల తిత్తి ఉంది. అంటే అది తల ఉంచి తయారుచేసిన చిరుతచర్మపు పరుపుతో పాటు బయటి దేశం నుంచి వచ్చిన పుర్రె.

చుట్టుపక్కల వస్తువే అసలు సంగతి బయటపెట్టడం చైనాలోనూ జరిగింది. దక్షిణ చైనా పులి అడవిలో కనబడక ఏళ్లు గడిచాక, 2007 అక్టోబరులో షాన్షీ అటవీశాఖ ఒక రైతు తీసిన ఫోటోలను విడుదల చేసింది. పులి పొదల్లో పడుకుని ఉంది. చూసినవారికి అనుమానం వచ్చింది: ఎన్ని ఫోటోలున్నా పులి భంగిమ మారదేం? ఒక వృక్షశాస్త్రజ్ఞుడు పులిని వదిలి ఆకులను పట్టుకున్నాడు. ఆ ఆకుల అసలు సైజుతో పోలిస్తే పులి మరీ చిన్నదని వాదించాడు. నెల తిరిగేసరికి అదే పులి అచ్చువేసిన కొత్త సంవత్సరపు గోడబొమ్మ ఒకటి దొరికింది. 2008లో పోలీసులు అది మోసమని ప్రకటించారు.

మన దేశంలో మాత్రం చాలాకాలం నమ్మకం ఫోటో మీద కాదు, పాదముద్ర మీదే. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి రూపొందించిన పద్ధతిలో, మట్టిలో పడ్డ అడుగుజాడపై గాజుపలక పెట్టి అంచులు గీసుకునేవారు. 1972 లెక్కలో 1,827 పులులు తేలింది ఇలాగే. దీనికి బదులు వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో బాటకు రెండు పక్కలా కెమెరాలు పెట్టించాడు. పులికి కుడివైపు చారలు ఒక తీరు, ఎడమవైపు మరో తీరు. రెండూ ఒకేసారి పడకపోతే ఒక్క పులిని రెండుగా లెక్కగట్టే ప్రమాదముంది. ఆ పద్ధతిని 1995లో ఆయన ప్రచురించాడు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కాలో ఒక్క పులీ మిగల్లేదని బయటపడ్డాక ప్రభుత్వమూ పాదముద్రల లెక్కను పక్కనపెట్టింది. 2018 గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టగా 3.48 కోట్ల ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651 మాత్రమే. ఆ రాశిలో చారలను పోల్చి చూడడం కంటితో అయ్యే పని కాదు, అందుకు సాఫ్ట్‌వేర్ వచ్చింది.

ఇలాంటి కెమెరాలు ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో తీసిన రాత్రి ఫోటోలో రంగులుండవు. ఒంటి రంగును బట్టి పోల్చే వీలు అక్కడితో పోయినట్టే. అయితే మలేషియా అడవుల్లో ఇన్‌ఫ్రారెడే మేలు చేసింది. అక్కడి నల్లచిరుతల మీద పగలు మచ్చలు ఆనవు. కెమెరాలను పగలూ రాత్రీ ఇన్‌ఫ్రారెడ్‌లోనే పనిచేసేలా మార్చితే మచ్చలు తేలాయి. వాటితోనే ఒక్కో చిరుతనూ విడదీసి లెక్కగట్టి, 2015లో పరిశోధకులు వివరాలు వెల్లడించారు.

తెలుగు రాష్ట్రాల్లో చిక్కంతా చిన్న పిల్లులతోనే. కోరింగ మడ అడవుల్లోని బావురుపిల్లి ఒంటినిండా మచ్చలే, కాబట్టి మసక ఫోటోలో చిరుతపిల్లలా అనిపిస్తుంది. తేడా తోకలో ఉంది: బావురుపిల్లికి పొట్టిగా, లావుగా ఉంటుంది, చిరుతకు ఒంటి పొడవులో సగానికి పైగా సాగి కొస వంపు తిరుగుతుంది. జంగుపిల్లికి ఒంటిమీద దాదాపు మచ్చలుండవు, కాళ్లు పొడవు, పొట్టి తోక కొసన నల్ల కట్లు. 2024 అక్టోబరులో హైదరాబాద్ మియాపూర్ మెట్రో స్టేషన్ దగ్గర తీసిన వీడియో చూసి చిరుత వచ్చిందని జనం బెంబేలెత్తారు. అటవీ సిబ్బంది అక్కడికి వెళ్లి చూసి, అది జంగుపిల్లి అని చెప్పారు.