ప్రేతాత్మల బుట్ట

మేఘాలయ రాష్ట్రమునకు పశ్చిమ భాగమున గారో కొండలు కలవు. అచ్చటి రెండు మొక్కల పేర్లు 'మెమాంగ్' అను మాటతో మొదలగును. గారో భాషలో ఆ మాటకు మృతుని ఆత్మ యని యర్థము. ఒకటి మెమాంగ్ కొక్సి, అనగా ప్రేతాత్మల బుట్ట. రెండవది మెమాంగ్ నారంగ్, ప్రేతాత్మల నారింజ. మరణించినవారి ఆత్మలు ఆ కొండలకు దక్షిణమున నున్న బాల్‌పక్రం పీఠభూమిని చేరునని గారోల విశ్వాసము. తమ పితరులు తిరుగు నేలపై మొలచిన మొక్కలకు వారు పితరుల పేరే పెట్టిరి.

మొదటిది కీటకములను భక్షించు లత. దాని ఆకు కొస తీగవలె సాగి, మూత గల కూజాగా మారును. అంచున నడచు చీమ జారి లోని ద్రవమున బడి జీర్ణమగును. సారము లేని నేల ఇయ్యజాలని నత్రజని మొక్కకు ఆ విధమున లభించును. ఖాసీలు దీనిని రాక్షసపుష్ప మందురు. అట్లయ్యు మూత విడని లేత కూజాలోని నీటిని కంటిజబ్బులకు వాడు ఆచారము ఆ కొండలలో కలదు. 1873లో జోసెఫ్ హుకర్ దీనికి నెపెంథిస్ ఖాసియానా అను శాస్త్రనామ మొసగెను. భారతదేశమున సహజముగా పెరుగు నెపెంథిస్ ఇదొక్కటియే. దాని నివాసము మేఘాలయ కొండలే.

ప్రేతాత్మల నారింజను వృక్షశాస్త్రజ్ఞులు నిమ్మజాతులలో మిక్కిలి ప్రాచీనమైనదానిగా నెంచుదురు. నోక్రెక్ శిఖర ప్రాంతమున దానికి రక్షణ కల్పింపబడినది. 1988లో ఆ ప్రాంతము జీవావరణ మండలముగా ప్రకటింపబడెను.

బుట్టమొక్కకు ఆపద పలువిధముల వచ్చెను. బొగ్గు గనులు కొండలను తొలిచినవి. పోడు పొలములకు విశ్రాంతి తగ్గినది. వింతమొక్కల వర్తకులు వేళ్లతో పెకలించుకొని పోయిరి. 1991లో వన్యప్రాణి సంరక్షణ చట్టమును సవరించి, అనుమతి లేనిదే సేకరింపరాని ఆరు మొక్కల పట్టికలో దీనిని చేర్చిరి. ఆంధ్రదేశపు శేషాచల ప్రాంతమున మాత్రమే పెరుగు బెడ్డోమ్ సైకస్ సైతము ఆ పట్టికలోనిదే. ఒకదాని నొకటి ఎరుగని రెండు కొండసీమలను ఒకే భయము ఒక పుటలో చేర్చినది.

ఈ లతలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పందొమ్మిదవ శతాబ్దము నుండియే ఐరోపా గాజు గృహములలో దీనిని పెంచుచుండిరి. కావున జాతి ఎక్కడో యొకచోట బ్రతికి యుండవచ్చును. కాని కొండపై అడవి తునుకలైన కొలది ఆడ మొక్కకు మగ మొక్క దూరమగును, విత్తనము కట్టదు. బాఘ్‌మారా యొద్ద దీనికై కేటాయించిన చిన్న అభయారణ్యము కాపాడునది ఒక లతను మాత్రమే కాదు. కొండపై మొక్క లేనినాడు మెమాంగ్ కొక్సి యని పిలుచుటకు గారో బిడ్డకు ఎదుట ఏమియు నుండదు.